బరువు తగ్గే సర్జరీ తర్వాత కండ పోకుండా ఏం చేయాలి? ఇంట్లో కుర్చీతో మొదలుపెట్టే పద్ధతి

నేను ఫిజియోథెరపీ చేస్తాను. స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేయడం) గానీ బైపాస్ (పొట్టని చిన్న సంచిలా చేసి పేగుకి కలపడం) గానీ చేయించుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు కాస్త అటూ ఇటూగా ఒకటే అడుగుతారు. "బరువైతే బాగా తగ్గిందండీ, ఒంట్లో సత్తువ లేదు. ఏం వ్యాయామం చేయాలి?" అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. స్లీవ్ అయి అప్పటికి ఐదు నెలలు, 28 కిలోలు తగ్గారు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. కథలన్నీ అయ్యాయి, హారతికి పీట మీంచి లేవాలి. ఒక చేయి నేలకి ఆనించారు, చాల్లేదు. రెండోదీ ఆనించారు. చివరికి పక్కనున్న భర్త భుజం పట్టుకుని లేచారు. "నూట నాలుగు కిలోలున్నప్పుడు కూడా నా అంతట నేనే లేచేదాన్ని కదండీ" అన్నారు నాతో. ఆవిడ రోజూ గంట నడిచేవారు, ఒక్క పూట కూడా మానలేదు. కాళ్లకి బరువు మోసే పని మాత్రం పెట్టలేదు.

జరిగేది ఇంతే. సర్జరీ తర్వాత తినేది బాగా తగ్గిపోతుంది కాబట్టి ఒంట్లో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తగ్గిన బరువులో సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కొవ్వు కానిది ఉంటుంది. అందులో నీరూ ఉంటుంది, కండా ఉంటుంది. మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ పోతుంది. పైగా, ఇదివరకు వంద కిలోల ఒంటిని మోయడమే కాళ్లకి పెద్ద కసరత్తు. ఆ బరువు తగ్గాక ఆ కసరత్తూ పోయింది. దాని బదులు మనం వేరే బరువు పెట్టాలి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ వ్యాయామంతో కండ ఒక్క గ్రాము కూడా పోదని నేను చెప్పను. బలం మాత్రం సాధారణంగా పెరుగుతుంది. బరువు తగ్గుతూనే బలం పెరిగినవాళ్లని చాలామందిని చూశాను.

మొదలుపెట్టే ముందు

మీ సర్జన్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "నేను బరువులు ఎత్తొచ్చా? ఎప్పటి నుంచి?" కీహోల్ సర్జరీ (చిన్న రంధ్రాల నుంచి చేసేది) అయితే చాలామంది 4 నుంచి 6 వారాల తర్వాత ఒప్పుకుంటారు. పొట్ట తెరిచి చేసినా, హెర్నియా (పొట్ట గోడ బలహీనమైన చోట లోపలిది బయటికి ఉబ్బడం) కూడా సరిచేసినా ఇంకా ఆగమంటారు. ఆయన చెప్పిన తేదీయే లెక్క. ఇక్కడ రాసిన వారాలు, పక్కింటాయన అనుభవం, వీడియోలో కుర్రాడు చెప్పేది, అన్నీ ఆ తర్వాతే.

షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ల గానీ వాడుతుంటే, బీపీ బిళ్ల వేసుకుంటుంటే, డోసు మళ్లీ చూపించుకున్నాకే మొదలుపెట్టండి. తిండి, బరువు తగ్గాక పాత డోసు ఎక్కువైపోతుంది. వ్యాయామం మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి కూలబడ్డవాళ్లలో చాలామందిది ఇదే కథ.

కావలసినవి

- చేతులు లేని గట్టి కుర్చీ, గోడకి ఆనించి. ప్లాస్టిక్ కుర్చీ తప్పదంటే టైల్స్ మీద జారకుండా కాళ్ల కింద పాత గోనెపట్టా వేయండి.
- సాగే రబ్బరు బ్యాండు ఒకటి. మొదట తేలికగా సాగేది తీసుకోండి.
- లీటరు నీళ్ల సీసాలు రెండు. నిండుగా ఉంటే ఒక్కోటి కిలో. దుకాణంలో డంబెల్స్ కొనడానికి తొందరేం లేదు.
- పిల్లల పాత స్కూలు బ్యాగు, అందులో వేయడానికి కిలో కందిపప్పు, బియ్యం ప్యాకెట్లు.
- చాప, ఒక నోట్‌బుక్, ఫోన్‌లో స్టాప్‌వాచ్.

1. మొదటి ఆరు వారాలు: నడక, లేవడం, అంతే

ఆసుపత్రిలో ఉన్నప్పుడే నడిపిస్తారు, ఇంటికొచ్చాక కూడా అదే కొనసాగించండి. ఒకేసారి అరగంట కాకుండా, పూటకి ఐదేసి, పదేసి నిమిషాలు. ఊపిరి నిండా పీల్చుకోవడం, కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఆడించడం కూడా చేయండి.

మంచం మీంచి లేచేటప్పుడు తిన్నగా నడుం లేపకండి. పక్కకి తిరిగి, కాళ్లు కిందకి దించి, చేత్తో నెట్టుకుని లేవండి. కుట్ల దగ్గర లాగకుండా ఉంటుంది.

జాగ్రత్త: నాలుగైదు కిలోలకు మించి ఏదీ ఎత్తొద్దు. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు, 20 లీటర్ల వాటర్ క్యాన్ 20 కిలోలు. "జరిపానంతే, ఎత్తలేదు" అంటారు, జరిపినా అదే. మనవణ్ని ఎత్తుకోవడం కూడా ఇందులోకే వస్తుంది, ఏడ్చినా సరే.

2. ఈ రోజు మీ బలమెంతో రాసి పెట్టుకోండి

సర్జన్ ఒప్పుకున్నాక, వ్యాయామం మొదలుపెట్టకముందే ఇది చేయండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. రెండు నెలల తర్వాత "ఏమన్నా తేడా ఉందా" అని అడిగితే చెప్పడానికి లెక్క ఉండదు.

కుర్చీ పరీక్ష: కుర్చీలో కూర్చుని రెండు చేతులూ గుండెల మీద కట్టుకోండి. స్టాప్‌వాచ్ నొక్కి, చేతుల సాయం లేకుండా ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. ఐదోసారి నిలబడగానే ఆపండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. కండ క్షీణత మీద పనిచేసే ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల బలం తక్కువున్నట్టు. చేతులు వాడకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే "లేవలేదు" అని రాయండి. అదీ లెక్కే. పక్కన ఎవరినైనా నిలబెట్టుకోండి.

గోడ పరీక్ష: గోడకి చేతులు ఆనించి పుషప్‌లు ఎన్ని తీయగలరో లెక్కపెట్టండి. పద్ధతి కింద చెప్పాను.

మీ డాక్టర్ దగ్గర చేతి పట్టు కొలిచే యంత్రం ఉంటే అదీ చూపించుకోండి. అదే లెక్కలో మగవాళ్లకి 28 కిలోలు, ఆడవాళ్లకి 18 కిలోల కంటే తక్కువైతే పట్టు తగ్గినట్టు.

3. ఆరు వ్యాయామాలు

వారానికి రెండు, కుదిరితే మూడు రోజులు. మధ్యలో ఒక రోజు ఖాళీ. మొదట్లో మొత్తం పాతిక నిమిషాలు చాలు, సెట్లు పెరిగేకొద్దీ ఇంకాస్త పడుతుంది. మొదటి ఐదు నిమిషాలు అక్కడక్కడే నడుస్తూ ఒళ్లు వేడెక్కించుకోండి.

క) కుర్చీ లేవడం. అన్నింటిలో ఇదొక్కటే చేస్తానన్నా నేను ఒప్పుకుంటాను, అంత ముఖ్యం. కుర్చీ అంచుకి జరిగి కూర్చోండి. పాదాలు భుజాలంత దూరంలో, మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగి, మడమలతో నేలని నొక్కుతూ లేవండి. లేచేటప్పుడు ఊపిరి వదలండి. కూర్చునేటప్పుడు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతూ దిగండి.

అందరూ తప్పు చేసేది దిగేటప్పుడే. దబ్బున కూలబడతారు. కుర్చీ చప్పుడైతే ఆ సారి లెక్కలోకి రాదని నేను చెబుతాను. ఇంకో తప్పు, లేచేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి దగ్గరైపోవడం. ఎదురుగా అద్దం పెట్టుకోండి, లేదా తొడల చుట్టూ బ్యాండు కట్టుకుని దాన్ని బయటికి నెడుతూ లేవండి.

కష్టంగా ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. సులువైపోతే స్కూలు బ్యాగులో రెండు కిలోల పప్పు వేసి గుండెకి హత్తుకుని లేవండి. మోకీలు నొప్పి ఉన్నవాళ్లు ఎత్తు దిండుతోనే ఉండిపోయి సార్లు పెంచుకోవచ్చు.

ఖ) గోడ పుషప్. గోడకి చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు భుజాల ఎత్తులో ఆనించండి. తల నుంచి మడమ దాకా ఒకే కర్రలా ఉండి, గోడ దగ్గరికి వెళ్లి వెనక్కి నెట్టండి. ఇది సులువయ్యాక వంటగట్టు మీద, ఆ తర్వాత మంచం పట్టీ మీద. నడుం కిందకి జారితే ఇంకా ఆ మెట్టుకి రాలేదన్నమాట.

గ) బ్యాండు లాగడం. కిటికీ ఊచకి బ్యాండు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని, మోచేతులు పక్కటెముకల పక్కనుంచి వెనక్కి లాగండి. వీపు రెక్కలు దగ్గరికి రావాలి. ప్రతిసారీ బ్యాండు మీద చిన్న పగుళ్లున్నాయేమో చూడండి. మన ఎండలకి రబ్బరు త్వరగా పాడవుతుంది, తెగిందంటే కంటికే కొడుతుంది. బ్యాండు లేకపోతే ఒక చేయి బల్ల మీద ఆనించి వంగి, రెండో చేత్తో బ్యాగుని నడుం దాకా లాగండి.

ఘ) బ్రిడ్జ్. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకి ఎత్తి రెండు లెక్కలు ఆగి దించండి. తిన్న రెండు గంటల లోపు చేయొద్దు. స్లీవ్ అయినవాళ్లకి పుల్లటి త్రేన్పులు, గుండెలో మంట వస్తుంటే పడుకునేవి మానేసి, కుర్చీ పట్టుకుని నిలబడి ఒక్కో కాలూ తిన్నగా వెనక్కి ఎత్తండి.

ఙ) మడమలు ఎత్తడం. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మెల్లగా దిగండి. పిక్కలకి.

చ) బరువు పట్టుకుని నడక. రెండు చేతుల్లో సమాన బరువున్న సంచులు, మొదట రెండేసి కిలోలు. భుజాలు దించి, నిటారుగా, హాల్లోనే అరనిమిషం నుంచి నిమిషం. రైతు బజారు నుంచి కూరగాయలు మోసుకొచ్చినట్టే, కాకపోతే ఇక్కడ రెండు చేతులూ సమానంగా.

సిట్‌అప్‌లు, కాళ్లు రెండూ ఎత్తి పట్టుకోవడం లాంటి పొట్ట వ్యాయామాలు మూడు నెలల దాకా జోలికి పోకండి. ఆ తర్వాత కూడా సర్జన్ సరేనంటేనే. పొట్ట వేలాడుతోందని అందరూ మొదట వాటి మీదే పడతారు. వేలాడేది చర్మం, అది సిట్‌అప్‌లతో బిగుసుకోదు.

4. ఎన్నిసార్లు, ఎంత కష్టంగా

మొదటి రెండు వారాలు ఒక్కో వ్యాయామం 8 నుంచి 10 సార్లు, ఒకే సెట్టు (సెట్టంటే ఆగకుండా చేసే ఒక విడత). మూడో వారం నుంచి రెండు సెట్లు, ఆరో వారానికి మూడు. సెట్టుకీ సెట్టుకీ మధ్య నిమిషం, నిమిషంన్నర కూర్చోండి.

కష్టం సరిపోయిందా అని చూసుకోవడం ఇలా: సెట్టు ఆపేసరికి "ఇంకో రెండు మూడు తీయగలను, అంతకు మించి నా వల్ల కాదు" అనిపించాలి. ఇంకో పది తీయగలననిపిస్తే కండకి పని తగల్లేదు. ఒక్కటి కూడా రాదంటే ఎక్కువైంది.

వరసగా రెండు రోజులు 12 సార్లు హాయిగా వస్తే, మూడో రోజు బరువు పెంచి మళ్లీ 8కి దిగండి. అరకిలో, కిలో పెంచితే చాలు. నోట్‌బుక్‌లో రాయకపోతే ఈ పెంచడం జరగదు. ఆరు నెలలుగా అవే రెండు నీళ్ల సీసాలు ఊపుతూ "చేస్తూనే ఉన్నానండీ" అనేవాళ్లు నాకు వారానికొకరు తగులుతారు.

ఊపిరి బిగబట్టొద్దు. బిగబడితే పొట్టలో ఒత్తిడి పెరిగి కుట్ల దగ్గర హెర్నియా రావచ్చు, బీపీ కూడా ఎగుస్తుంది. బయటికి లెక్కపెట్టండి, మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

5. ప్రొటీన్ లేకపోతే పైదంతా వృథా

చాలామందికి డైటీషియన్లు చెప్పేది రోజుకి 60 నుంచి 80 గ్రాములు. మీకు వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. కిడ్నీ సమస్య ఉంటే తప్పకుండా అడగాలి.

మనవాళ్ల చిక్కంతా ఇక్కడే. నీరసంగా ఉందనగానే ఇంట్లో రాగి జావ పట్టుకొస్తారు. రెండు చెంచాల పిండితో కాచిన గ్లాసు జావలో ప్రొటీన్ గ్రాము, గ్రామున్నర. చిన్నదైపోయిన పొట్ట దాంతో నిండిపోతుంది, ఇక గుడ్డుకి చోటుండదు. చారన్నం సంగతీ అంతే. అందుకే ముద్ద మొదలుపెట్టేటప్పుడే ప్రొటీన్ ఉన్నది ముందు తినండి, అన్నం చోటుంటేనే.

అందాజు లెక్కలు: గుడ్డుకి 6 గ్రాములు. గ్లాసు పాలకి 6. చిన్న కప్పు గట్టి పప్పుకి 6. పనీర్ 50 గ్రాములకి 9. ఎండు మీల్ మేకర్ 20 గ్రాములకి 10. ఉడికిన చికెన్ 60 గ్రాములకి 16 దాకా. ప్రొటీన్ పొడి డబ్బా చెంచాకి సుమారు 24, డబ్బా మీద చూసుకోండి.

గుడ్డు కూడా తినని ఒకరికి నేను వేసిచ్చిన రోజు ఇది. పొద్దున నీళ్లలో కలిపిన ప్రొటీన్ పొడి 24. టిఫిన్‌కి 30 గ్రాముల పెసలతో చిన్న పెసరట్టు, 7. పదకొండింటికి గ్లాసు పాలు, 6. మధ్యాహ్నం మీల్ మేకర్ కూర 10, పప్పు 6. సాయంత్రం పనీర్ ముక్కలు 9. రాత్రి గడ్డ పెరుగు 4. మొత్తం 66. పెసరట్టులోకి ఉప్మా అడగకండి.

ప్రొటీన్ పొడిని పండ్ల రసంలో కలపొద్దు. బైపాస్ అయినవాళ్లకి ఆ తీపి ఒక్కసారిగా పేగులోకి దిగి గుండె దడ, చెమటలు, విరేచనాలు వస్తాయి. నీళ్లు తిండితో పాటు తాగకుండా అరగంట ఎడం పెట్టి, రోజంతా గుక్కగుక్కగా లీటరున్నర అయ్యేలా చూసుకోండి. వ్యాయామం రోజున సీసా పక్కనే ఉండాలి.

విటమిన్, ఐరన్, కాల్షియం బిళ్లలు మానేసి "వ్యాయామం చేసినా నీరసం పోవట్లేదు" అంటే నా దగ్గర మందు లేదు. బి12, డి, ఐరన్ ఎంతున్నాయో డాక్టర్ చెప్పిన గడువులో రక్తపరీక్ష చేయించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఒంటి నొప్పుల బిళ్ల. కొత్తగా మొదలుపెట్టినప్పుడు రెండో రోజు తొడలు పట్టేసినట్టు ఉంటాయి, మూడు రోజుల్లో అదే పోతుంది. దానికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి మింగకండి. బైపాస్ అయినవాళ్లకి పొట్టని పేగుకి కలిపిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. స్లీవ్ వాళ్లు కూడా సర్జన్‌ని అడగకుండా వేసుకోవద్దు. వేడినీళ్ల స్నానం, కాస్త నడక చాలు. తప్పదంటే డాక్టర్ చెప్పిన డోసులో పారాసిటమాల్.

కార్తీక సోమవారం ఉపవాసం ఉండి సాయంత్రం బ్యాండు లాగడం. ఉపవాసమో వ్యాయామమో ఒకటే పెట్టుకోండి. మొదటి ఏడాది ఉపవాసం మానితే దేవుడేమీ అనుకోడు.

రోజూ చేయడం. కండ బలపడేది మధ్యలో ఉన్న ఖాళీ రోజునే. ఆ రోజు నడవండి.

జిమ్‌లో చేరి ట్రైనర్‌కి సర్జరీ సంగతి దాచడం. మొహమాటమెందుకు? చెప్పకపోతే మొదటి రోజే ప్లాంకు (మోచేతులు, మునివేళ్ల మీద ఒంటిని నిలబెట్టే పొట్ట వ్యాయామం) పెట్టిస్తాడు.

ఫలితం ఎలా చూసుకోవాలి

నాలుగు వారాలకోసారి, అదే కుర్చీ, అదే వేళ, రెండో దశలోని పరీక్షలు మళ్లీ చేయండి. ఐదుసార్లు లేవడానికి 15 సెకన్లు పట్టేది 13కి, 11కి వస్తుంటే దారిలో ఉన్నారు. బరువు యంత్రం చూపే కిలోల్లో ఈ సంగతి తెలియదు.

జిమ్‌లో చెప్పులు విప్పి ఎక్కితే "కండ శాతం" చూపే మెషీన్లున్నాయి కదా, వాటి అంకె చూసి బెంగపడకండి. అవి ఒంట్లో నీటిని బట్టి లెక్కేస్తాయి. సర్జరీ తర్వాత నీరు తాగడంలో తేడా వచ్చినా అంకె మారిపోతుంది. చూడాలనే ఉంటే నెలకోసారి, పొద్దున్నే, అదే మెషీన్ మీద. డెక్సా స్కాన్ (ఎక్స్‌రేతో కొవ్వు, కండ, ఎముక కొలిచేది) దీనికంటే నయం, అందరికీ అవసరం లేదు.

రెండు పరీక్షలు గడిచినా అంకె కదలకపోతే ఈ వరసలో వెతకండి: నోట్‌బుక్‌లో బరువు పెరిగిందా? మూడు రోజులు తిన్నది రాసి కూడితే ప్రొటీన్ 60 దాటుతోందా? బిళ్లలు వేసుకుంటున్నారా? రాత్రి నిద్ర పడుతోందా? మూడూ నాలుగూ సరిగ్గా ఉండి మొదటి రెండూ తప్పినవాళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తారు. అన్నీ సరిగ్గా ఉండి కూడా బలం తగ్గుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇవి కనిపిస్తే వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి

- సర్జరీ అయిన మొదటి వారాల్లో జ్వరం, కడుపునొప్పి, ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడటం.
- రోజుల తరబడి వాంతులు. వాటితో పాటు కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం ఉంటే ఇంకా తొందర. బి1 విటమిన్ లోపం కావచ్చు, ఆలస్యమైతే నరాలు దెబ్బతింటాయి.
- ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, నల్లటి విరేచనం.
- కుట్ల దగ్గర ఉబ్బు, దగ్గినప్పుడు పెద్దదవడం. నొప్పి లేకపోయినా చూపించుకోవాలి. నొప్పి, వాంతులు కూడా ఉంటే అప్పటికప్పుడే.
- కుడి పక్కటెముకల కింద తిన్నాక వచ్చే నొప్పి. బరువు వేగంగా తగ్గేవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు మామూలే.

మధ్యలో జ్వరమో, పెళ్లో, ఊరి ప్రయాణమో వచ్చి పది రోజులు ఆగిపోతే పాత బరువుతో మొదలుపెట్టొద్దు. సగం బరువు, ఒక సెట్టు. రెండు వారాల్లో మునుపటి చోటికి వచ్చేస్తారు. టీచరమ్మ కూడా దసరా సెలవుల్లో ఊరెళ్లి మానేశారు, మళ్లీ దిండు వేసుకుని మొదలుపెట్టారు. ఆవిడ నోట్‌బుక్‌లో మొదటి పేజీలో "లేవలేదు" అని ఉంది, ఏడో పేజీలో 11 సెకన్లు.